గెందిస్ కోసం మూడు పెట్టెలు

నా నోరు మంచిది కాదని మా వీధి మొత్తానికి తెలుసు. ఎవరో చెబితే మీరు వినేకంటే నేనే ముందు చెప్పుకోవడం మేలు. జావాలోని సోలో పట్నంలో పుట్టిపెరిగి కూడా ఉన్నమాట మొహం మీద అనేసే ఈ జబ్బు నాకెలా అంటుకుందో మా అమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. ఇక్కడి మనుషులు ఎదుటివాడి వంటిల్లు అంటుకున్నా "ఇవాళ మీ ఇంట్లో కొంచెం వెచ్చగా ఉన్నట్టుందండీ" అంటారు. మా ఆయన హదిమన్ ఆ వెచ్చదనం మాట కూడా ఎత్తడు. నీళ్ళ బకెట్ పట్టుకొచ్చి నవ్వుతూ గుమ్మంలో నిలబడతాడు, వాళ్ళంతట వాళ్ళే అడుగుతారేమోనని.

ఆయన ముందుగదిలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేస్తాడు. నేను పెరటి వసారాలో బాతిక్ అద్దకం వేస్తాను. కిరసనాయిల్ పొయ్యి మీద మూకుట్లో మైనం కరిగించి, చాంతింగ్ అనే మైనపు కలం ముక్కుతో బట్ట మీద చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోవడం నా పని. మా ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి ఒక గుగ్గిలం ముద్ద. ఆయనకు టంకం అతకడానికి అది కావాలి, నాకు మైనం బట్టను పట్టుకోవడానికి అదే కావాలి. మా కాపురంలో పోట్లాటలన్నీ ఆ ముద్ద ఎవరి బల్ల మీద ఉందన్న దాని గురించే.

అందరిళ్ళలో బిస్కెట్ డబ్బా మూత తీస్తే పల్లీల అప్పడాలుంటాయి. మా ఇంట్లో తీస్తే కెపాసిటర్లుంటాయి. పదకొండేళ్ళుగా ఒక్కొక్క ముక్కా ఏరి తెచ్చి డబ్బాల్లో దాచాడు మహానుభావుడు. రేడియో స్టేషన్ తుక్కులోంచి గాజు వాల్వులు, మూతపడ్డ సినిమాహాల్లోంచి బరువైన ఇనప దిమ్మలు. క్యాలెండర్ కాగితాల వెనక గీసుకున్న బొమ్మలైతే ఒక దిండంత ఉండేవి. వీటన్నిటితో ప్రీ-ఆంప్లిఫయర్ ఒకటి, పవర్ ఆంప్లిఫయర్లు రెండు కట్టాలని ఆయన కల. ప్రతి ఏడాదీ "వానలు తగ్గాక మొదలుపెడతా" అనేవాడు. మా ఊళ్ళో వానలు ఎప్పుడూ తగ్గుతూనే ఉంటాయి, ఆయన మొదలుపెట్టిందే లేదు.

"ఊళ్ళో అందరికీ ఒక్క పెట్టెలోంచే పాట వస్తోంది కదా మాస్, మీకు మూడెందుకు?" అని ఒకసారి మా ఆయన్ని అడిగాను. మొగుణ్ణి మేం మాస్ అని పిలుస్తాం.

"ప్రీ-ఆంప్లిఫయర్ వంటమనిషి, తార్నీ. టేపు మీంచి వచ్చే సన్నటి ధ్వనిని రుచి చెడకుండా వండుతుంది. పవర్ ఆంప్లిఫయర్లు కావడి మోసేవాళ్ళు. వంటమనిషినీ కావడివాళ్ళనీ ఒకే గదిలో పెడితే కూరలో చెమట పడుతుంది."

"ఇద్దరు కావడివాళ్ళెందుకు మరి?"

"కుడి చెవికొకడు, ఎడమ చెవికొకడు. ఒకడి కాలు ఒకడు తొక్కుకోకుండా."

ఇలాంటివి చెప్పేటప్పుడు ఆయన మొహం చూస్తే ఎంత నోరున్నదానికైనా ఎదురు చెప్పబుద్ధి కాదు. పైకి మాత్రం "ముందు పక్కింటివాళ్ళ రేడియో బాగుచేయండి, నెలరోజులైంది" అన్నాను.

ఆ పెట్టెలు నిజంగా పుట్టింది మాత్రం గెందిస్ వల్ల. గెందిస్ మా మామగారి గువ్వ. పేరుకు అర్థం చక్కెర అని, కూతకు తగ్గ పేరే. మామగారు ముప్పై ఏళ్ళు రైల్లో గార్డుగా జెండా ఊపి, మాటలన్నీ ఈల మీదే ఖర్చుపెట్టేసిన మనిషి. ఇంట్లో ఆయన నోరు విప్పి మాట్లాడేది ఇద్దరితోనే. నాతో, ఎందుకంటే నేను వదలను కాబట్టి. గెందిస్‌తో, ఎందుకంటే అది బదులిస్తుంది కాబట్టి. తెల్లారగానే పంజరాన్ని తాడు లాగి పొడుగాటి కర్ర చివరికి ఎక్కించేవారు. గోడ అవతల పాక్ హార్సోనో, అంటే హార్సోనోగారు, తన గువ్వ బాంతెంగ్‌ని ఎక్కించేవాడు. ఇక చూడండి, ఇది "హూర్... కెతెకెక్... కుంగ్" అంటే అది "కుంగ్" అనేది. కింద ముసలాళ్ళిద్దరూ కాఫీ గ్లాసులు పట్టుకుని, గోడకు ఇటొకరు అటొకరు కూర్చుని, పొద్దెక్కేదాకా ఒక్క ముక్క మాట్లాడుకోకుండా పరమానందంగా ఉండేవాళ్ళు.

హార్సోనో కొడుకు దగ్గరికని సెమరాంగ్ వెళ్ళిపోయాడు, బాంతెంగ్‌ని కూడా తీసుకుని. ఆ రోజునుంచి గెందిస్ నోరు మూసింది. మామగారు ఈల వేశారు, అరటిపండు మార్చారు, గింజలు మార్చారు, పంజరం దిక్కు మార్చారు. అది మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. రెండు నెలలయ్యేసరికి మామగారు కూడా అలాగే కూర్చోవడం మొదలుపెట్టారు. వసారాలో కాఫీ చల్లారిపోయేది. పిలిస్తే "ఊఁ" అనేవారు.

ఒక క్లివోన్ మంగళవారం పొద్దున, అంటే మా జావా అయిదురోజుల వారంలోని క్లివోన్ మంగళవారంతో కలిసి వచ్చిన రోజున, మామగారు నన్ను పిలిచారు.

"న్దుక్, తల్లీ, కూయని గువ్వను పంజరంలో ఉంచడం తప్పు. నా సరదా కోసం దాన్ని కట్టిపడేసినట్టుంటుంది. ఇంకో సెలాపన్ చూస్తాను, ముప్పై అయిదు రోజులు. మళ్ళీ క్లివోన్ మంగళవారం వచ్చేసరికి కూయకపోతే పక్షుల బజార్లో జుమాదికి ఇచ్చేస్తాను. నాలుగు గువ్వల మధ్య ఉంటే దానికి బాగుంటుంది."

"మరి మీకు, బాపక్?"

"నాకేం, నేను బాగానే ఉంటాను" అని నవ్వారు. ఆ నవ్వు చూసే నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మా ఆయనకు చెప్పాను. ఆయన బీరువాలోంచి ఒక క్యాసెట్ తీశాడు. నాలుగేళ్ళ కిందట సరదాకని రికార్డు చేశాడట. ఎడమ మైకు మా గెందిస్ కర్ర కింద, కుడి మైకు గోడ అవతల బాంతెంగ్ కర్ర కింద పెట్టి. దాన్ని కొట్లో ఉన్న టేప్ రికార్డర్లో పెట్టి పంజరం దగ్గర మోగించాడు. గెందిస్ తల పక్కకు తిప్పి ఒక కన్నుతో ఆ డబ్బాను చూసి, కళ్ళు మూసుకుంది.

"రేకు డబ్బా గొంతని దానికి తెలిసిపోయింది. మనకంటే దాని చెవి గట్టిది" అన్నాడు మా ఆయన. కాసేపు తల గోక్కుని, అటక మీంచి బిస్కెట్ డబ్బాలు దించడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ళ వానలు ఆ క్షణాన తగ్గాయి.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులూ మా ఇంట్లో జాతరే. అన్నం వండే పాత్రలు చేసే పాక్ లెగిమన్ అల్యూమినియం రేకు వంచి మూడు పెట్టెలు చేసిచ్చాడు. మూత అంచులు అచ్చం వంటపాత్ర అంచుల్లా చుట్టాడు, చేతికి అలవాటు మరి. మా ఆయన వాల్వుల కోసం రంధ్రాలు చేస్తుంటే వీధి చివరిదాకా వినబడేది. బయటికి ధ్వని పంపే ట్రాన్స్‌ఫార్మర్లు పాత తుక్కులోవి ఉన్నాయి. కరెంటు తీసుకునే ట్రాన్స్‌ఫార్మర్లు రెండు మాత్రం కొత్తగా చుట్టాలి. రాగితీగ వందల చుట్లు, ఒక్కటి తప్పినా కుదరదు. ఆ పని నాకిచ్చాడు.

"వెయ్యి చుక్కలు లెక్క తప్పకుండా పెట్టే చెయ్యి ఊళ్ళో నీదొక్కటే" అన్నాడు.

పొగడ్త అంటే నాకు బలహీనత. నాలుగు రోజుల్లో రెండూ చుట్టేశాను, పొర పొరకీ కాగితం వేసి. చుట్టాక వాటిని వార్నిష్‌లో ముంచి ఆరబెట్టాలట, తీగలూ రేకులూ కదలకుండా. వార్నిష్ తేవడానికి ఆయన చెప్పులేసుకుంటుంటే నేనే ఆపాను.

"ఎందుకండీ ఆ కంపు? నా మూకుట్లో మరుగుతున్న మైనం ఉందిగా. అందులో ముంచితే సందు సందులోకీ పోతుంది. ఆరబెట్టే పని కూడా లేదు."

మా ఆయన చెప్పు సగం తొడుక్కుని ఆగిపోయాడు. "ఊఁ... అలా కూడా చేయొచ్చు" అన్నాడు.

పదహారేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆ "ఊఁ"కి అర్థం నాకు తెలిసుండాలి. కానీ నా తెలివితేటలకు నేనే మురిసిపోతూ ఆ దిమ్మలు రెండింటినీ మైనంలో ముంచి తీశాను. బంగారు రంగులో మెరిశాయి.

కొత్త పెట్టె దేన్నీ మా ఆయన నేరుగా కరెంటుకు తగిలించడు. మధ్యలో ఒక మామూలు బల్బు పెడతాడు. బల్బు భగ్గుమంటే లోపల కొంప మునిగినట్టు, మసగ్గా ఎర్రగా ఉంటే అంతా క్షేమం. ఆ రోజు బల్బు ఒక్కసారి వెలిగి, మెల్లగా ఎర్రబడి ఊరుకుంది. వాల్వుల్లో నారింజరంగు వెలుగు పుట్టింది. నేను ఆయన భుజం గట్టిగా పట్టుకున్నానట, తర్వాత గోళ్ళ గుర్తులు చూపించాడు.

పెట్టెలు మూడూ వసారాలో బల్ల మీద ఉన్నాయి. ఒక స్పీకరు మా గువ్వ కర్ర కింద, రెండోది హార్సోనో గోడకు ఆనించి పెట్టాం. ముందుగా తీగవాద్యాల క్రోంచోంగ్ పాట ఒకటి పెట్టాడు. వేలు తీగమీద పడే ముందు గోరు గీసుకున్న చప్పుడు కూడా వినబడింది నాకు. ఒళ్ళు జలదరించింది. ఆగలేక నేనే "గువ్వల క్యాసెట్ పెట్టండి, ఇప్పుడే పెట్టండి" అన్నాను. పెట్టాడు. గోడ దగ్గర బాంతెంగ్ కూసింది. పంజరంలో గెందిస్ ఉలిక్కిపడి మెడ నిలువుగా చాపింది. గొంతు ఉబ్బింది. మామగారు కుర్చీలోంచి సగం లేచారు. ఇంతలో ఇరుగుపొరుగు పదిమంది వింతగా లోపలికి వచ్చేసరికి అది బెదిరి మళ్ళీ ముడుచుకుంది.

"కూస్తుంది, రేపు కూస్తుంది" అన్నాడు మా ఆయన. "కానీ వాల్వులు వేడెక్కకుండా వినకూడదు తార్నీ. రేపటినుంచి అరగంట ముందు వెలిగించి పెడదాం. అప్పుడుగాని గొంతు విచ్చుకోదు."

మర్నాటినుంచి అలాగే చేశాం. అరగంట వేడెక్కించాక క్యాసెట్ పెట్టడం, గెందిస్ పెట్టెలవైపు ఒక కన్ను వేసి చూడటం, మెడ లోపలికి లాక్కోవడం. మూడో రోజుకల్లా నాకు వినబడింది. పెట్టెల్లోంచి జోరీగ గుయ్‌మన్నట్టు ఒక చప్పుడు.

"మాస్, మీ ప్రీ-ఆంప్లిఫయర్ గుయ్‌మంటోంది."

"అలాగా" అన్నాడు.

"అలాగా ఏమిటి? వంటమనిషి వంటమనిషి అన్నారు, కూరలో ఈగ పడింది. తీయండి దాన్ని."

ఆయన ప్రీ-ఆంప్లిఫయర్ విప్పాడు, తీగలు మార్చాడు, మళ్ళీ కట్టాడు. గుయ్‌మంది. మళ్ళీ విప్పాడు. మా ఇంట్లో సాయంత్రాలు వినడానికి వచ్చేవాళ్ళకి తక్కువ లేదు. వేయించిన పెండలం ముక్కలు తింటూ అందరూ ఒకటే మాట, "ఎంత బాగుందో పాక్ హదిమన్". పక్కింటి బు రుమినిని నిలదీశాను.

"బు రుమినీ, నిజం చెప్పండి. గుయ్‌మనట్లేదూ?"

"గుయ్‌మనడమా? అబ్బే. నాకేం వినపడలేదండీ. ఆ పెండలం చాలా గుల్లగా వచ్చింది, ఏ నూనె?"

ఊళ్ళో నిజం చెప్పేదాన్ని నేనొక్కతెనే మిగిలానని అనుకున్నాను. ఆ గర్వంతో మా ఆయన్ని రోజూ దులిపేదాన్ని. పదకొండేళ్ళు ఏరారు, పాత సామాను కాదు పాత రోగాలు ఏరారు అన్నాను. మీ వంటమనిషికి జలుబు చేసింది, కషాయం పొయ్యండి అన్నాను. ఆయన నవ్వి, స్క్రూడ్రైవర్ తీసుకుని పెట్టెల బోల్టులు బిగించేవాడు. మామగారు క్యాలెండర్లో రోజులు చూసుకునేవారు. ఒక పొద్దున పంజరం మీద కప్పే గుడ్డ ఉతికి ఆరేసుకుంటుంటే చూశాను. జుమాదికి ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఉండాలట. ఆ రోజు మా ఆయన్ని ఇంకొంచెం ఎక్కువగా తిట్టాను.

గడువు ఇంకా రెండు రోజులుందనగా, ఆదివారం పొద్దున, వసారా ఊడుస్తున్నాను. పెట్టెలు వెలిగించి ఉన్నాయి. ఆయన స్నానానికి వెళ్ళాడు. నాకు మైనం వాసన వచ్చింది. ఆ వాసన నా ఒంటినిండా ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మొదట పట్టించుకోలేదు. తర్వాత గుర్తొచ్చింది, ఇవాళ పొయ్యి ఇంకా వెలిగించలేదు. బల్ల కిందికి వంగి చూశాను. అక్కడ ఒక పాత బనీను గుడ్డ, అట్టలా గట్టిపడి ఉంది. విప్పితే లోపలంతా నా మైనమే, రోజురోజు తుడిచిన గుర్తులు పొరలు పొరలుగా. పైకి చూశాను. పవర్ ఆంప్లిఫయర్ పెట్టె అంచునుంచి ఒక బంగారు బొట్టు జారి బల్ల మీద పడింది.

చీపురు చేతిలోనే ఉంది. దాని పిడితో ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన గట్టిగా అదిమాను. గుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది. తీశాను, మళ్ళీ గుయ్‌మంది. రెండోదాన్నీ అదిమి చూశాను. అదీ అంతే. వేడికి మైనం కరిగి కారిపోతోంది, పట్టు వదిలిన ఇనప రేకులు కొట్టుకుంటున్నాయి. ప్రీ-ఆంప్లిఫయర్ పాపం ఏ పాపమూ ఎరగదు. మొదటిరోజు నేను తొందరపడి వేడెక్కకుండానే పెట్టించాను కాబట్టి గెందిస్ మెడ చాపింది. ఆ తర్వాత రోజూ అరగంట వేడెక్కించి, మైనం కరిగించి మరీ దానికి వినిపించాం.

ఆయన తువ్వాలుతో బయటికి వచ్చేసరికి నేను ఆ గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?"

ఆయన నేలకేసి చూశాడు. "మూడో రోజునుంచి."

"మూడో రోజునుంచీ రోజూ నేను లేవకముందే తుడుస్తున్నారా?"

"బోల్టులు బిగిస్తే సరిపోతుందేమో అనుకున్నాను."

"సరిపోలేదుగా. మరి ప్రీ-ఆంప్లిఫయర్ ఎందుకు విప్పారు మూడుసార్లు?"

"నువ్వు విప్పమన్నావు కదా" అన్నాడు. తర్వాత, చాలా మెల్లగా, "నాలుగు రోజులు కూర్చుని చుట్టావు తార్నీ. ఎంత సంతోషంగా ముంచావో. నీ పని చెడిందని ఎలా చెప్పను?"

"నా మొహం. బాపక్ గువ్వ పోతుంటే నా మనసు గురించి ఆలోచించారా? బుద్ధుందా మీకు?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. ఇన్ని రోజులు ఈ మనిషిని ఎన్ని మాటలన్నానో అన్నీ వరసగా గుర్తొచ్చాయి. పైగా నిజం చెప్పేది నేనొక్కతెనే అనుకున్నాను. ఎదుటివాళ్ళ తప్పు చెప్పడం వరకే నా నిజం.

గోడ మీదుగా బు రుమిని తల కనిపించింది. "ఏమైందండీ?"

"ఆ చప్పుడు నా మైనం వల్ల, బు రుమినీ. మీకు నిజంగా వినపడలేదా?"

ఆవిడ ఇబ్బందిగా నవ్వింది. "మా ఇంట్లో మంచం మీదికి కూడా వినపడుతుందండీ. తేనెటీగలు పెంచుతున్నారేమో అని మా ఆయన అన్నారు."

ఇక కూర్చుంటే లాభం లేదు. ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ ఊడదీయించాను. బట్ట మీది మైనం వదిలించడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. బట్టలా వీటిని నీళ్ళలో ఉడికించకూడదు కాబట్టి, కేకులు కాల్చే రేకు పొయ్యిలో వేలాడదీసి, కింద మూకుడు పెట్టాను. చుక్క చుక్కగా మైనమంతా దిగింది. ఈలోగా మా ఆయన మోటార్లకు తీగ చుట్టే కొట్టుకు పరిగెత్తి వార్నిష్ డబ్బా తెచ్చాడు. ముంచాం, కారనిచ్చాం, అదే రేకు పొయ్యిలో సన్నసెగ మీద సాయంత్రందాకా కాల్చాం. తర్వాత ఆర్నెల్లపాటు ఆ పొయ్యిలో ఏ కేకు చేసినా మోటారు వాసన వచ్చేది. తిన్నవాళ్ళందరూ బాగుందన్నారు. సోమవారమంతా మళ్ళీ బిగించి, టంకం పెట్టి, బల్బు పెట్టి చూసుకున్నాం. ఆ రోజు గుగ్గిలం ముద్ద నేనే ఆయన బల్ల మీద పెట్టాను.

క్లివోన్ మంగళవారం ఏడింటికి పెట్టెలు వెలిగించాం. అరగంట అయింది. ముప్పావుగంట అయింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేసి చూశాను, కాలుతోంది, కానీ ఉలుకూ పలుకూ లేదు. అంత నిశ్శబ్దం నేను ఆ పెట్టెల్లోంచి ఎప్పుడూ వినలేదు. ఈలోపు జుమాది రానే వచ్చాడు, ఖాళీ పంజరం ఒకటి సైకిలుకు తగిలించుకుని. మామగారు అతన్ని కూర్చోబెట్టి, ఉతికిన గుడ్డ మడత ఒళ్ళో పెట్టుకున్నారు. మా ఆయన వెళ్ళి క్యాసెట్ పెట్టాడు.

గోడ దగ్గర బాంతెంగ్ కూసింది. "హూర్... కెతెకెక్... కుంగ్." ఆ పిట్ట గోడ మీద వాలి కూసినట్టే ఉంది. నేనే తల తిప్పి గోడవైపు చూశాను.

గెందిస్ మెడ చాపింది. ఒక అడుగు పక్కకు జరిగింది. గొంతు ఉబ్బింది, తగ్గింది. బాంతెంగ్ మళ్ళీ కూసింది. అప్పుడు మా గెందిస్ తోక కిందికి వంచి, ఒళ్ళంతా గొంతు చేసుకుని, "హూర్... కెతెకెక్... కుంగ్" అంది. ఒకసారి కాదు. బాంతెంగ్‌ని మాట పూర్తి చేయనివ్వకుండా, మూడు నెలల బాకీ తీర్చుకుంటున్నట్టు కూస్తూనే ఉంది. మా ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను, ఎక్కడ అరిచి బెదరగొడతానో అని. జీవితంలో మొదటిసారి నా నోరు నేను మూసుకుంది అప్పుడే.

క్యాసెట్ ఒకవైపు అయిపోయి టక్కున ఆగింది. గెందిస్ ఆగలేదు.

జుమాది చాలాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి మామగారివైపు తిరిగి, "మ్బా తాతా, మరి... ఇవాళ ఎండ పెరిగేలా ఉంది" అన్నాడు, పిట్టను ఇస్తారా అని అడగలేక.

మామూలుగా అయితే మామగారు కూడా ఎండ గురించే ఒక గంట మాట్లాడి పంపేవారు. ఆయన గుడ్డ మడత తీసి పక్కన పెట్టారు. "ఇవ్వను జుమాదీ" అన్నారు.

అంత సూటి మాట ఆయన నోట విని జుమాది, మా ఆయన ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. తర్వాత జుమాది గట్టిగా నవ్వేశాడు. "నేనే తీసుకెళ్ళను మ్బా. దీన్ని తీసుకెళ్తే ఆ గోడలో పిట్టను కూడా తీసుకెళ్ళాలి" అని ఖాళీ పంజరంతో సైకిలెక్కి పోయాడు.

మా ఆయన క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. మామగారు కుర్చీ జరుపుకుని, పాత చోట్లో, గోడకు దగ్గరగా కూర్చున్నారు. నేను వేడి కాఫీ ఇచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, చాలాసేపు. తర్వాత కళ్ళు తెరవకుండానే పిలిచారు.

"ఒరే మన్."

"చెప్పండి బాపక్."

"ఎడమ పక్క కొంచెం ఎక్కువగా ఉందిరా. టేపులో మన గెందిస్ గొంతు పెద్దదైంది. అదెప్పుడూ అంత గట్టిగా కూయలేదు."

నేను మా ఆయన మొహం చూశాను. పదకొండేళ్ళు ఏరి, పద్దెనిమిది రోజులు కట్టి, రెండు వారాలు ఊరంతటి చేత బాగుంది బాగుంది అనిపించుకున్న మనిషి. ఆ పొగడ్తలకు దేనికీ ఆ మొహం ఇలా వెలగలేదు. ఒక మనిషి కళ్ళు మూసుకుని నిజంగా విని, ఉన్న లోపం ఉన్నట్టు చెప్పాడు ఆయనకు. అదీ కన్నతండ్రి. సంతోషం పట్టలేక ఆయన నవ్వుతున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా మరిచిపోయి ప్రీ-ఆంప్లిఫయర్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎంత ఎక్కువ, బాపక్?"

పెద్దాయన ఒక కన్ను తెరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గోరంత సందు చూపించారు.

"ఇంత."

మా ఆయన ఎడమ గుండీని సరిగ్గా అంతే తిప్పాడు.